నాయనమ్మ రూక: మాస్టారికి బాకీపడ్డ రెండు పేజీలు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని పూర్వ విద్యార్థుల సంఘం మిత్రులు ఫోను చేసినప్పుడు, "నేను ఇంజనీరుని, ఎస్టిమేట్లు వేయడం తప్ప నాకేం రాయడం వచ్చు" అని తప్పించుకోబోయాను. ఫోను పెట్టేశాక గుర్తొచ్చింది, మన బడికి నేను నలభై ఏళ్లుగా రెండు పేజీలు బాకీ ఉన్నానని. ఆ బాకీ తీర్చడానికే ఈ వ్యాసం. రెండు పేజీలు కాస్తా వడ్డీతో కలిపి నాలుగైదయ్యాయి. పెద్దలు మన్నించాలి.

మా బ్యాచి వాళ్లకు ఈ సంగతి గుర్తుండే ఉంటుంది. 1984లో మేం తొమ్మిదో తరగతి. సోషల్ మాస్టారు విజయనగర సామ్రాజ్యం పాఠం మొదలుపెడుతూ, "రేపు ఎవరింట్లో పాత నాణేలున్నా పట్టుకురండిరా, చరిత్రను చేత్తో పట్టుకుని చూద్దాం" అన్నారు. మర్నాడు క్లాసులో ఒక చిన్న సంత జరిగింది. ఒకడు చిల్లు కాణీ తెచ్చాడు. ఒకడు బేడ, ఒకడు విక్టోరియా రాణి రూపాయి. ఖమ్మం వైపు నుంచి వచ్చి మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్న మిత్రుడు చార్మినారు బొమ్మ ఉన్న నిజాం నాణెం తెచ్చాడు. నేను మా నాయనమ్మ కుంకుమ భరిణలోంచి రూక తీసుకెళ్లాను. ఆవిడకు చెప్పకుండా.

రూక అంటే డబ్బు అని అందరికీ తెలుసు. కానీ రూక అనే పేరు గల నాణెం ఒకటుండేదని ఆ రోజు దాకా మాలో ఎవరికీ తెలియదు. బంగారపుది. గుండ్రంగా, మినపగుండు కన్నా కాస్త పెద్దదిగా, పల్చగా ఉంటుంది. ఒకవైపు చుక్కలూ గీతలూ కలిసి ఏదో బొమ్మలా, రెండోవైపు అరిగిపోయిన రెండు మూడు గీతలు. "ఇదేం నాణెంరా, ముక్కుపుడక రాలిపోయినట్టుంది" అని నవ్వారు. వేపచెట్టు కింద క్లాసు. చేతులు మారుతూ మారుతూ మూడో వరుసలో ఎవరి వేళ్ల సందులోంచో జారి ఇసుకలో పడిపోయింది.

నాకు కాళ్లు చల్లబడ్డాయి. క్లాసు మొత్తం మోకాళ్ల మీద కూర్చుని వెతికింది. గంట గడిచినా దొరకలేదు. అప్పుడు మన అటెండరు తాత వచ్చి అందరినీ లేపేసి, ఆ చోటి ఇసుక పైపైన ఎత్తి బేసినులో పోసి, నీళ్లు పోసి, గుండ్రంగా తిప్పుతూ పై ఇసుకను కొంచెం కొంచెంగా వంపేయడం మొదలుపెట్టాడు. కంసాలి వీధి కాలవలో బంగారు రజను కోసం మట్టి కడిగేవాళ్లు చేసే పనే అది. మూడో బేసినులో అడుగున పసుపుపచ్చగా మెరిసింది. బంగారం ఇసుక కన్నా ఆరేడు రెట్లు బరువు కాబట్టి నీళ్లలో చివరిదాకా అడుగునే ఉంటుంది. సాంద్రత అనే మాటను నేను ఫిజిక్సు పుస్తకంలో చదవకముందే ఆ బేసినులో చూశాను.

మాస్టారు నన్ను కొట్టలేదు. "ముందు ఇంటికెళ్లి మీ నాయనమ్మగారితో నిజం చెప్పు. తరువాత ఈ రూక కథేమిటో కనుక్కుని రెండు పేజీలు రాసుకురా" అన్నారు. మొదటి పని చేశాను. రెండో పని చేయలేదు.

కంసాలి మాట

నిజం చెప్పినప్పుడు నాయనమ్మ తిట్టలేదు. రూకను కళ్లకద్దుకుని, "ఇది మా అత్తగారు మీ నాన్న పుట్టినప్పుడు నా చేతిలో పెట్టిందిరా. మేలిమి బంగారం. ఇలాంటివి ఇప్పుడు దొరకవు" అని చెప్పి మళ్లీ భరిణలో పెట్టేసింది.

నాలుగేళ్ల తరువాత, 1988లో, నాకు ఇంజనీరింగులో సీటు వచ్చింది. ఆ ఏడు మా పొలం నీట మునిగింది. హాస్టలు ఖర్చులకు నాన్న అప్పు కోసం తిరుగుతుంటే నాయనమ్మ తన కాసులపేరు, దాంతోపాటు ఆ రూకనూ తెచ్చి కంసాలి ఆచారిగారి ముందు పెట్టింది. నేను పక్కనే ఉన్నాను. ఆయన కాసులపేరు తూచారు. రూకను గీటురాయి మీద గీసి, ఆ గీతను కాసేపు చూసి, "ఇది మేలిమి కాదమ్మా, కలిసిందే. కరిగిస్తే చేతికి ఏమీ రాదు. ఉంచుకోండి" అని తిరిగిచ్చేశారు.

కాసులపేరు పోయినందుకు నాయనమ్మ బాధపడలేదు. ఆ మాటకు బాధపడింది. ఇంటికి వస్తూ దారిలో ఒక్కటే అంది: "మా అత్తగారు అబద్ధం చెప్పే మనిషి కాదురా. ఆవిణ్ణి ఎవరో మోసం చేసుంటారు." ఆ తరువాత ఆ రూక ఎవరికీ చూపించలేదు. ఆవిడ పోయాక భరిణ నాకు వచ్చింది.

ఎవరో మోసం చేశారా? ఎవరు? ఎప్పుడు? ఉద్యోగంలో తీరిక దొరికినప్పుడల్లా చదువుతూ, మ్యూజియంలలో నాణేల గదుల ముందు నిలబడుతూ, ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కున్నాను. తెలిసింది మీతో చెబుతాను.

వరహా, మాడ, రూక

ఉత్తర దేశంలో పెద్ద లెక్కలకు వెండి, మన దక్షిణాదిన బంగారం. చాలా శతాబ్దాలు ఇదే పద్ధతి. దక్షిణాది బంగారు నాణేల్లో పెద్దది వరహా. దాని బరువు సుమారు 3.4 గ్రాములు. వరహాలో సగం మాడ. అందరికన్నా చిన్నది పణం, దాన్నే తెలుగువాళ్లం రూక అన్నాం. యూరపువాళ్లు వరహాను పగోడా అన్నారు, పణాన్ని ఫనం అన్నారు.

వరహా అన్న పేరు వరాహం నుంచి వచ్చింది. అడవిపంది చాళుక్యుల రాజముద్ర. మన వేంగి చాళుక్యుల బంగారు నాణేల మీద కూడా అదే ఉంటుంది. నన్నయగారిచేత భారతం తెనిగింపజేసిన రాజరాజనరేంద్రుడి వరాహ ముద్ర నాణేలు బర్మా తీరంలోని చెదూబా దీవిలో దొరికాయంటే, మన రేవుల నుంచి ఎంత దూరం వెళ్లాయో చూడండి. తరువాత విజయనగర రాజులు తమ నాణేల మీద హనుమంతుణ్ణి, ఉమామహేశ్వరులను, లక్ష్మీనారాయణులను, గండభేరుండాన్ని ముద్రించారు. బొమ్మ మారినా జనం మాత్రం వరహా అనే పిలిచారు.

కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం సంగతి మనం చదువుకున్నదే. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజు లాక్కోడని, ముప్పయ్యోవంతు సుంకం మాత్రమే తీసుకుంటాడని వర్తకులకు అభయమిచ్చాడు. ఆ సుంకాల లెక్కల్లో గద్యాణంతోపాటు పణమూ, పణంలో పావులూ కనిపిస్తాయి. గద్యాణం పెద్ద బంగారు నాణెం. అంటే రూక మన తీరానికి ఏడెనిమిది వందల ఏళ్లనాటి చుట్టం.

రూకల గురించి బాగా వివరంగా చెప్పినవాడు అబ్దుర్ రజాక్. పారశీక రాజు షారూఖ్ పంపగా 1443లో విజయనగరం వచ్చిన రాయబారి. అప్పుడు సింహాసనం మీద ఉన్నది రెండో దేవరాయలు. మన తెలుగు మాస్టారు శ్రీనాథుడి కనకాభిషేకం కథ చెప్పేవారు చూడండి, ఆ ప్రౌఢదేవరాయలే ఈయన. రజాక్‌కు రోజూ పంపే బియ్యం, నెయ్యి, చక్కెరలతోపాటు రెండు వరహాలు కూడా వచ్చేవట. రాజ్యంలో బంగారమంతా టంకశాలకు చేరుతుందని, జీతాలు అక్కడి నుంచే ఇస్తారని రాశాడు.

ఆయన చెప్పిన లెక్క ఇది. వరహాలో సగం ప్రతాపం, అదే మన మాడ. ప్రతాపంలో పదోవంతు పణం. పణంలో ఆరోవంతు తార అనే వెండి నాణెం. తారలో మూడోవంతు జీతల్ అనే రాగి నాణెం. ఒక వరహాకు 20 పణాలు, ఒక పణానికి 18 రాగి నాణేలు, మొత్తం వరహాకు 360 రాగి నాణేలన్నమాట. ఈ అన్నిటిలోనూ జనానికి ఎక్కువగా పనికొచ్చేది పణమే అని కూడా రాశాడు.

ఎందుకో ఆలోచిస్తే తేలిగ్గానే అర్థమవుతుంది. జేబులో రెండు వేల రూపాయల నోటు ఒక్కటే ఉంటే కూరల బండి దగ్గర మనం ఎంత ఇబ్బంది పడేవాళ్లం! వరహా అలాంటిది. రాగి నాణేలతో అయితే ఒక గొడ్డును కొనడానికి గోనెసంచి కావాలి. ఈ రెంటి మధ్య ఖాళీ పూడ్చింది రూక. బంగారం కాబట్టి విలువ ఉంది, చిన్నది కాబట్టి చేతులు మారుతుంది.

చిన్నదవడం వల్ల తిప్పలూ ఉన్నాయి. మా క్లాసులో జరిగిందే సంతలో రోజూ జరిగి ఉంటుంది. వేలకొద్దీ రూకలు లెక్కపెట్టడం మరో తంటా. దీనికి తిరువాన్కూరులో ఒక ఉపాయం ఉండేది. చెక్కపలక మీద నాణెం పట్టేటంత గుంటలు వరుసగా తొలిచి ఉంటాయి. ఒక గుప్పెడు నాణేలు పలక మీద పోసి కుదిపితే గుంటకొకటి చొప్పున కూర్చుంటాయి. మిగిలినవి పక్కకు వంపేస్తే సరిగ్గా నూరో రెండు నూర్లో లెక్క తేలిపోతుంది. ఆ పలకను మొదటిసారి చూసినప్పుడు ఇంజనీరుగా దణ్ణం పెట్టాలనిపించింది.

బంగారం ఎక్కడిది, ముద్ర ఎవరిది

మన దేశంలో బంగారు గనులు తక్కువ. నాణేలకు కావలసిన బంగారంలో చాలా భాగం సముద్రం మీద నుంచే వచ్చింది, మన నేతబట్టకు ధరగా. మచిలీపట్నం రేవులో డచ్చివాళ్లు, 1611 నుంచి ఇంగ్లీషువాళ్లు కాచుకుని కూర్చున్నది ఆ బట్ట కోసమే. 1660ల తరువాత డచ్చివాళ్లు జపాను నుంచి కోబాన్ అనే బంగారు నాణేలను కోరమాండల్ తీరానికి తెచ్చి, పులికాట్‌లో కరిగించి పగోడాలుగా ముద్రించారు. నాగసాకిలో ఓడెక్కిన బంగారం మన సాలెవారి చేతిలో వరహాగా దిగింది.

ముద్ర వేసే హక్కు కూడా బేరానికి వచ్చింది. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషువాళ్లకు మద్రాసులో కోట కట్టుకోవడానికి అనుమతి ఇచ్చాడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. ఆ అనుమతి పత్రంలోనే సొంతంగా నాణేలు ముద్రించుకునే హక్కు కూడా ఉంది. మన తెలుగు నాయకుడి ఆ ఒక్క సంతకం నుంచే మద్రాసు టంకశాల పుట్టింది.

ఇన్ని చేతులు ముద్ర వేస్తుంటే ఏ నాణెంలో ఎంత బంగారం ఉందో తేల్చేదెవరు? షరాబు. ఊరూరా షరాబులుండేవారు. గీటురాయి, చిన్న త్రాసు, గురివింద గింజలు వాళ్ల సరంజామా. ఫలానా చోటి వరహాకు ఫలానా వట్టం అని చెప్పేవారు. ఒక నాణేన్ని మరో నాణెంగా మార్చేటప్పుడు తగ్గించుకునే తేడాయే వట్టం.

17వ శతాబ్దం మధ్యలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే ఒక విచిత్రం రాశాడు. పాత వరహాలో బంగారం కొత్త వరహా కన్నా ఎక్కువేమీ లేదు, అయినా పాతదానికి ధర ఎక్కువట. పాత వరహాలను కరిగిస్తే రాజ్యానికి అరిష్టమని షరాబులు నమ్మేవారని, వాటిని కరిగించకుండా ఉండేందుకు గోల్కొండ సుల్తానుకు ఏటా కొంత సొమ్ము కూడా చెల్లించేవారని ఆయన రాశాడు. మా నాయనమ్మ రూకను కళ్లకద్దుకోవడం చూసినవాణ్ణి కాబట్టి నాకది వింతగా అనిపించలేదు.

గ్లాసెడు నీళ్లు

ఇప్పుడు కంసాలిగారి మాటకు వద్దాం. గీటురాయి ఒక అంచనా. నేను లెక్క కావాలనుకున్నాను. మన బడిలో ఫిజికల్ సైన్సు మాస్టారు ఆర్కిమెడీస్ సూత్రం చెబుతూ, కిరీటం కథ చివర "నీళ్లు అబద్ధం చెప్పవురా" అనేవారు. మిలీగ్రాము దాకా తూచే త్రాసు ఉన్న ఒక మిత్రుడి ల్యాబులో కూర్చుని, రూకను సన్నటి దారానికి కట్టి మూడుసార్లు తూచాను.

గాలిలో బరువు 0.370 గ్రాములు. మూడు గురివింద గింజల ఎత్తు. నీళ్లలో 0.346. తగ్గింది 0.024. అంటే ఈ లోహం నీటికన్నా 15.4 రెట్లు బరువు. మేలిమి బంగారమైతే 19.3 రెట్లు ఉండాలి. వెండి 10.5, రాగి 9కి కొంచెం తక్కువ. వెండీ రాగీ కలిపి ఉన్నాయనుకుని లెక్క కడితే, నూటికి సుమారు 74 పాళ్లు బంగారం. ఇంత చిన్న వస్తువును తూచడంలో ఒక్క మిలీగ్రాము అటూ ఇటూ అయినా జవాబు 69 నుంచి 80 దాకా ఊగుతుంది. మన భాషలో చెప్పాలంటే కొంచెం అటూ ఇటూగా పద్దెనిమిది క్యారెట్లు.

కాబట్టి ఆచారిగారు నిజమే చెప్పారు. అయితే ముత్తవ్వను ఎవరైనా మోసం చేశారా?

అదే అబ్దుర్ రజాక్ రాతలో జవాబుంది. విజయనగరపు మూడు బంగారు నాణేలూ కలిపిన బంగారంతో చేసినవేనని ఆయన దాపరికం లేకుండా రాశాడు. వైభవం చూసి మురిసిపోయిన పరదేశికే తెలిసిన సంగతి అక్కడి జనానికి తెలియకుండా ఉంటుందా? తరువాతి కాలంలో మద్రాసులో ఇంగ్లీషు కంపెనీ ముద్రించిన స్టార్ పగోడా చూడండి. నక్షత్రం గుర్తున్న వరహా. దాని బరువు 3.4 గ్రాములు, అందులో అసలు బంగారం 2.72 గ్రాములు. నూటికి 80 పాళ్లే. అంతా ఒప్పుకున్న ప్రమాణమే అది.

కలపడానికి కారణమూ ఉంది. మేలిమి బంగారం మెత్తన. రోజుకు పది చేతులు మారే నాణెం మేలిమిదైతే తొందరగా అరిగిపోతుంది, వంగిపోతుంది. పైగా ఒక్క గురివిందో రెండు గురివిందలో ఎత్తు నాణెం చేస్తే వేళ్లకు అందదు. రాగి, వెండి కలిపితే గట్టిపడుతుంది, కంటికి ఆనేంత పరిమాణమూ వస్తుంది. నేడు మనం నగలను ఇరవై రెండు క్యారెట్లలో చేయించుకుంటున్నది కూడా ఇందుకే.

ఇక్కడ నాకు ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్న లెక్క ఒకటుంది. 0.37 గ్రాముల్లో 74 పాళ్లంటే మా రూకలో అసలు బంగారం 0.27 గ్రాములు. స్టార్ పగోడాలో 2.72. అంటే ఇలాంటి పది రూకలు కలిపితే దాదాపు ఒక వరహా బంగారం. వరహాకు ఇన్ని రూకలని ఒకటే లెక్క అన్ని చోట్లా లేదు. అయితే మైసూరు ప్రాంతంలో పది కంఠీరవ పణాలను ఒక వరహాగా లెక్కించడం పద్ధతి. పదికి ఒకటి అనే ఆ పాత లెక్కలో మా నాయనమ్మ రూక సరిగ్గానే తూగుతోంది. ఎవరూ ముత్తవ్వను మోసం చేయలేదు. ఆవిడ చేతికి రావలసిన బంగారం వచ్చింది. "మేలిమి" అన్న మాట ఒక్కటే తరాలు దాటేటప్పుడు ఎక్కడో కలిసింది.

ఐదణాల తేడా

మరి సంతలో తిరగాల్సిన రూక భరిణలోకి ఎందుకు చేరింది? దీనికి జవాబు మద్రాసు ప్రభుత్వపు లెక్కల్లో ఉంది.

కంపెనీ కాలంలో మద్రాసు లెక్క ఇలా ఉండేది: వరహాకు 42 రూకలు, రూకకు 80 కాసులు. ఈ రూకలు బంగారంవి కావు, వెండివి. 1807 ప్రాంతంలో ముద్రించిన మద్రాసు వెండి నాణేల మీద ఇంగ్లీషు, పారశీకం, తమిళంతోపాటు మన తెలుగు అక్షరాలూ ఉన్నాయి. "రెండు రూకలు" అని తెలుగులో ఉన్న నాణేన్ని చూసినప్పుడు పాత స్నేహితుడు కనిపించినట్టయింది. రాగి కాసులనైతే ఇంగ్లండులోనే బర్మింగ్‌హాంలో, మాథ్యూ బౌల్టన్ ఆవిరి యంత్రాలతో ముద్రించి ఓడల్లో పంపేవారు. 1809 జనవరిలో అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ టన్నులకొద్దీ మద్రాసు కాసులతో ఇంగ్లండు తీరంలోనే మునిగిపోయింది. ఆ కాసులు 1980లలో సముద్రం అడుగున దొరికాయి.

1818లో మద్రాసు ప్రభుత్వం వరహాను పక్కనపెట్టి వెండి రూపాయిని ప్రమాణం చేసింది. పాత లెక్కలన్నీ 100 వరహాలకు 350 రూపాయల చొప్పున మార్చారు. ఒక వరహాకు మూడున్నర రూపాయలు. కొత్త రూపాయిలో అసలు వెండి 10.69 గ్రాములు. మూడున్నర రూపాయల్లో 37.4 గ్రాములు. దాన్ని వరహాలోని 2.72 గ్రాముల బంగారంతో భాగిస్తే, గ్రాము బంగారానికి 13.7 గ్రాముల వెండి అన్నమాట.

అదే 1818లో మద్రాసులో బంగారు రూపాయి కూడా ముద్రించారు. దాని బరువు, మేలిమి వెండి రూపాయివే, విలువ మాత్రం 15 వెండి రూపాయలు. అంటే గ్రాము బంగారానికి 15 గ్రాముల వెండి. ఒకే ప్రభుత్వం, ఒకే ఏడు, బంగారానికి రెండు ధరలు! కొత్త నాణెం ధర ప్రకారం చూస్తే వరహా మూడు రూపాయల పదమూడు అణాలు చేయాలి. చేతికిచ్చేది మూడు రూపాయల ఎనిమిది అణాలు. వరహాకు ఐదణాలు తేడా.

లెక్కలు తెలిసిన ఏ షరాబైనా, లెక్కలు రాకపోయినా జాగ్రత్త తెలిసిన ఏ ఇల్లాలైనా అప్పుడేం చేస్తుంది? శిస్తు వెండితో కట్టి, బంగారాన్ని దాచుకుంటుంది. తక్కువ కట్టిన లోహం దాక్కోవడం, ఎక్కువ కట్టిన లోహం బజారులో తిరగడం ఆర్థికశాస్త్రంలో పాత సూత్రమే. మా ముత్తవ్వల్లో ఎవరో ఆ సూత్రం పేరు తెలియకుండానే పాటించి ఉంటారు.

తరువాత 1835లో కంపెనీ ప్రాంతాలన్నిటికీ ఒకే వెండి రూపాయి వచ్చింది. 1853 జనవరి 1 నుంచి సర్కారు ఖజానాలు బంగారు నాణేలు తీసుకోవడం మానేశాయి. ఆ రోజుతో బంగారం సర్కారు దృష్టిలో డబ్బు కాకుండా పోయింది. చాలా రూకలు మూసలోకి వెళ్లి ముక్కుపుడకలూ మంగళసూత్రాల గుండ్లూ అయ్యాయి. కొన్ని భరిణల్లో ఉండిపోయాయి.

దాచుకున్నవాళ్లు నష్టపోలేదు. 1870ల నుంచి వెండి ధర పడిపోవడం మొదలైంది. 1893లో ప్రభుత్వం టంకశాలల్లో జనం తెచ్చిన వెండిని రూపాయలుగా ముద్రించడం ఆపేసింది. 1899లో ఇంగ్లీషు సవరను 15 రూపాయలకు చెల్లుబాటు చేశారు. సవరలో అసలు బంగారం 7.32 గ్రాములు. ఆ లెక్కన పాత వరహాలోని బంగారానికి ఐదు రూపాయల తొమ్మిది అణాలు. 1818లో మూడున్నరకు మార్చుకున్నవాళ్లు రెండు రూపాయల పైచిలుకు పోగొట్టుకున్నారు.

మాటల్లో మిగిలినవి

నాణేలు పోయినా పేర్లు పోలేదు. రాగి నాణెం డబ్బు ఇవాళ మొత్తం ధనానికే పేరయింది. రూక మాటల్లో మిగిలింది. అన్నిటికన్నా తమాషా కాసుది. మద్రాసు లెక్కలో వరహాకు 3,360 కాసులు, అంటే అన్నిటికన్నా అడుగున ఉన్న రాగి బిళ్ల. ఇవాళ మన కోస్తా జిల్లాల్లో నగల దుకాణానికి వెళ్లి కాసు అంటే ఎనిమిది గ్రాముల బంగారం, సవర ఎత్తు. అడుగున ఉన్న పేరు అన్నిటికన్నా పైకెక్కి కూర్చుంది. నా చదువుకు కరిగిపోయిన కాసులపేరులోని కాసు అదే.

తిరువాన్కూరులో మాత్రం పణం లెక్క 20వ శతాబ్దం మధ్యదాకా బతికింది. అక్కడ రూపాయికి ఏడు పణాలు, పణానికి నాలుగు చక్రాలు, చక్రానికి పదహారు కాసులు. ఆ సంస్థానం భారతదేశంలో కలిశాకే ఆ లెక్క ముగిసింది.

బాకీ

ఒకసారి చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో నాణేల గదిలో అద్దం వెనక రూకల వరుస ముందు చాలాసేపు నిలబడ్డాను. అన్నీ మా నాయనమ్మ రూకలాగే ఉన్నాయి. నాణెం కన్నా అచ్చు పెద్దది కావడంతో ఒక్కోదాని మీద బొమ్మలో ఒక్కో ముక్క మాత్రమే పడింది. ఒకదానిలో చెయ్యి, ఒకదానిలో చుక్కలు. ఏ ఒక్క రూకా పూర్తి కథ చెప్పదు. నాలుగైదు పక్కపక్కన పెడితే బొమ్మ తెలుస్తుంది.

మా ఇంట్లో కథా అంతే. ముత్తవ్వ దగ్గర ఒక ముక్క, ఆచారిగారి దగ్గర ఒకటి, తొమ్మిదో తరగతి బేసినులో ఒకటి. ముత్తవ్వ మాటా నిజమే, ఆచారిగారి మాటా నిజమే అని నాయనమ్మతో చెప్పేవాళ్లు ఆ రోజు లేరు. నాకు తెలిసేసరికి నాయనమ్మ లేదు. మాస్టారు చెప్పిన రెండు పేజీలు అప్పుడే రాసి ఉంటే, కనీసం రాయడానికి ప్రయత్నించి ఉంటే, ఆవిడ చివరి పదేళ్లూ ఆ రూకను భరిణ అడుగున దాచుకుని ఉండేది కాదేమో. చదువు వాయిదా వేస్తే ఎవరికి నష్టమో మాస్టారికి తెలుసు. నాకు ఆలస్యంగా తెలిసింది. మాస్టారూ ఇప్పుడు లేరు.

స్వర్ణోత్సవం రోజున ఆ రూకను బడికి తెస్తున్నాను. ఈసారి ఇంట్లో చెప్పే తెస్తున్నాను. ఒక చిన్న త్రాసు, దారం, గ్లాసెడు నీళ్లు కూడా. ఇప్పటి తొమ్మిదో తరగతి పిల్లలు దాన్ని స్వయంగా తూచి, వాళ్ల లెక్క వాళ్లు కట్టాలని నా కోరిక. వాళ్ల జవాబు నా జవాబుకు కొంచెం అటూ ఇటూ వస్తే మరీ సంతోషం. ఎందుకు వచ్చిందో రెండు పేజీలు రాసుకురమ్మంటాను.

తూకం మాత్రం వేపచెట్టు కింద వద్దు. ఆఫీసు గదిలో బల్ల మీద, కింద తెల్లగుడ్డ పరిచి చేద్దాం. అటెండరు తాత కూడా ఇప్పుడు లేడు కదా.